గొలుసుల చుల్లి

నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలోనే మా వీధి కుళాయి దగ్గర నన్ను కాటికాపరిని చేసేశారు. చేసింది ఎవరో కాదు, మా అమ్మే.

ఏక్‌బాల్‌పూర్‌లో మేముండే వరసంతా శ్రీకాకుళం వైపు నుంచి కలకత్తా ఓడరేవుకి, డాకు పనికి వచ్చినవాళ్ళ ఇళ్ళు. నీళ్ళొచ్చే వేళకి బకెట్లూ కబుర్లూ ఒకే వరసలో నిలబడతాయి. ఆ పొద్దున పక్కింటి పెద్దమ్మ అమ్మనడిగింది.

“మీ గుంటకి ఉజ్జోగమొచ్చిందట. ఏటి కంపెనీ అది?”

మా కంపెనీ పేరు అమ్మకి నోరు తిరగదు. నేను ఇంట్లో ఎప్పుడో అన్న బెంగాలీ మాట గుర్తు తెచ్చుకుని, కొంచెం గర్వంగానే చెప్పింది.

“ఎలక్ట్రిక్ చుల్లి కంపెనీ.”

బెంగాలీలో చుల్లి అంటే వంటపొయ్యి దగ్గర్నుంచి ఇనుము కరిగించే పెద్ద పెద్ద కొలిమి దాకా ఏదైనా కావచ్చు. కానీ కలకత్తాలో ‘ఎలక్ట్రిక్ చుల్లి’ అని ఊరికే అంటే ఎవరికైనా తోచేది ఒకటే. గంగ ఒడ్డున శ్మశానంలో, కట్టెలు లేకుండా కరెంటుతో దహనం చేసేది. మా వాళ్ళు ఆ మాట నేర్చుకున్నదే అక్కడ, ఎప్పుడూ అటు వెళ్ళని మా అమ్మ తప్ప.

పెద్దమ్మ తన బకెట్‌ని మా బకెట్ నుంచి కాస్త పక్కకి జరిపింది.

“ఓలమ్మా, ఆడగుంటని అక్కడికి అంపుతన్నారేటి?”

“ఏటి తప్పు? మంచోళ్ళట. నీడపట్టు పని.”

“నీడే. ఆలకి ఇంకెండెక్కడ తగుల్తాది?”

అమ్మకి అర్థం కాలేదు. బిందె పట్టుకుని వాళ్ళ వెనకే నిలబడ్డ నాకు అర్థమైంది. ఒక్క వాక్యం చెబితే సరిపోయేది. ఆ వాక్యం నాకు ఇంటికొచ్చి డైరీ తెరిచాక గానీ దొరకలేదు. చిన్నప్పట్నుంచీ నా బతుకంతా అంతే. చెప్పాల్సిన మాటలన్నీ కాగితం మీద చక్కగా, ఆలస్యంగా వస్తాయి.

డైరీ తెలుగులోనే రాసుకునేదాన్ని. మా వరసలో నా ఈడు పిల్లలకి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. నాకు నాన్న నేర్పాడు, ఆంధ్రా నుంచి వచ్చే బియ్యం సంచుల మీది అక్షరాలు చూపించి. ఆ తర్వాత తెలుగు సంఘం వాళ్ళ చిన్న లైబ్రరీలో ఉన్న పుస్తకాలన్నీ ఎవరికీ చెప్పకుండా చదివేశాను. అందుకని ఆ రాత్రి నాకు పట్టుకున్న దిగులు నింద గురించి కాదు, మాట గురించి. నేను చేసే వస్తువుకి తెలుగులో ఏమనాలి? పొయ్యి అంటే వంటింట్లోది. కొలిమి అంటే తిత్తి ఉండాలి, బొగ్గు ఉండాలి. ఆవం కుమ్మరిది. బట్టీ అంటే ఇటుకలన్నా గుర్తొస్తాయి, సారా అన్నా గుర్తొస్తుంది. కుంపటి చలి కాచుకోవడానికి. మా దాంట్లో మంట లేదు, పొగ లేదు. ఒక తీగ ఉంటుంది. అందులో పోయే కరెంటుకి ఆ తీగ అడ్డుపడుతుంది. ఆ అడ్డుకోవడమే వేడి. ఇంత చిన్న సంగతికి మాట దొరక్క పేజీలో సగం ఖాళీ వదిలేశాను.

నేను పనిచేసే చోటు తారాతలా దాటాక, రేకుల షెడ్డు. పాలిటెక్నిక్‌లో మాకు పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు దాన్ని పెట్టారు. అక్కడ అందరూ ఆయన్ని మాస్టర్‌మొశాయ్ అంటారు. డిప్లొమా చేతికొచ్చాక ఇంటర్వ్యూల్లో నోరు పెగలక వరసగా వెనక్కొస్తున్న నన్ను పిలిచి, “మాట్లాడక్కర్లేని పని ఉంది, చేస్తావా?” అని అడిగారు. తలూపాను.

ఆ పని కాయిల్ చుట్టడం. నిక్రోమ్ తీగని లేత్ మీద తిరిగే కడ్డీకి చుడతాం. దగ్గరదగ్గరగా చుట్టుకున్న ఆ స్ప్రింగుని తర్వాత రెండు చేతుల్తో సాగదీయాలి. చుట్టుకీ చుట్టుకీ మధ్య ఎడం అంతటా ఒకేలా ఉండాలి. ఒకచోట ఇరుకైతే అక్కడ వేడి ఎక్కువై తీగ కాలిపోతుంది. సాగదీయడంలో తొందరపడితే దాన్ని వెనక్కి తేలేం. ఆ పని నాకు మొదటి రోజు నుంచే వచ్చేసింది. ఎందుకొచ్చిందో తెలీదు. బహుశా మెల్లిగా, ఎవరితోనూ మాట్లాడకుండా, ఒకే తూకంలో చేయాల్సిన పని అది ఒక్కటే కాబోలు లోకంలో. సాగదీసిన కాయిల్‌ని ఇటుకల్లో చెక్కిన గాడుల్లో పడుకోబెట్టి, కొసలు బయటికి తీసి, మీటర్ పెట్టి రెసిస్టెన్స్ చూసుకుంటే రోజు ముగిసేది.

ఇటుక పనీ, వైరింగూ చూసే పెద్దాయన్ని మేం మిస్త్రీ-దా అనేవాళ్ళం. నేను మాట్లాడకపోవడం ఆయనకి రోజూ పండగ.

“మాస్టర్‌మొశాయ్, ఈ అమ్మాయికి ఒకసారి మీటర్ పెట్టి చూడండి. రెసిస్టెన్స్ ఇన్ఫినిటీ చూపిస్తుంది. ఏమీ బయటికి రాదు.”

నేను నవ్వేదాన్ని. దానికీ శబ్దం ఉండేది కాదు.

ఆ ఏడు మాకొచ్చిన పెద్ద ఆర్డరు డాకు నుంచే. ఓడల్లో సరుకు ఎత్తే గొలుసుల కోసం చుల్లి. గొలుసు పైకి బాగానే కనిపిస్తుంది గానీ బరువులెత్తీ ఎత్తీ, దెబ్బలు తినీ తినీ లోపల ఇనుము బిగుసుకుపోతుంది. అలా పెళుసెక్కి ఒకరోజు చెప్పకుండా తెగుతుంది. అందుకని అప్పుడప్పుడు దాన్ని మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి, ఆ వేడిలోనే కాసేపు నిలిపి, బాగా నెమ్మదిగా చల్లారనివ్వాలి. అప్పుడు ఇనుము మళ్ళీ మెత్తబడుతుంది. ఆర్డరిచ్చిన కంట్రాక్టరు అంతకుముందు బొగ్గు కొలిమిలో కాల్పించేవాడు. దాంట్లో ఒకవైపు లింకులు మాడిపోయేవి, ఇంకోవైపు లింకులకి వేడి తగిలేదే కాదు.

ఆ గొలుసులు మా నాన్న గాంగువి. నాన్న సరుకెత్తే ఖలాసీల జట్టుకి సర్దారు. ఒకసారి గొలుసు తెగి పడిన పెట్టె నాన్నకి జానెడు దూరంలో పడింది. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముందు చాలాసేపు కూర్చుని, తినకుండానే లేచాడు. ఆ పెట్టెలో ఏముందని అడిగితే “నాకేటి తెలుసు” అన్నాడు, అంతే. ఈ చుల్లికి కాయిల్స్ చుడుతున్నంతకాలం నాకు ఆ అన్నం పళ్ళెమే కళ్ళ ముందుండేది.

కుళాయి దగ్గరి మాట డాకు గేటు చేరడానికి ఎక్కువకాలం పట్టలేదు. ఒక సాయంత్రం నాన్న చెప్పులు విడుస్తూనే అన్నాడు.

“ఆ పని మానీ.”

“నాన్నా, అది సెమసానం కాదు.”

“నాకు తెల్దేటి? నాకు తెలిస్తే ఏటి లాభం? గాంగులో ప్రతివోడూ వొచ్చి, సర్దారూ, మీ గుంటకి ముందే సెప్పి ఉంచు, మా వొంతొచ్చినప్పుడు లైన్లో నిలబడకుండా సూసుకోమను అంతన్నాడు.”

అమ్మకి నవ్వొచ్చింది. నాన్న చూసిన చూపుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

“నవ్వు. రేపు దీనికి సంబంధం సూడ్డానికొచ్చినోడు కూడా నవ్వుతాడు.”

“ఓపాలి నువ్వొచ్చి సూడు,” అన్నాను. నా గొంతు నాకే సరిగ్గా వినిపించలేదు. నాన్నకి వినిపించింది.

“వొస్తాను. గొలుసులు మాయే, పరీచ్చకి నానే తెస్తాను. నా కళ్ళతో సూస్తాను. అది నీకు తగిన పని కాదనిపించిందా, అక్కణ్ణుంచే నిన్ను ఇంటికి తీసుకొచ్చీస్తాను. మళ్ళీ ఎల్లేది నేదు.”

నాన్న ఒకసారి అన్నాడంటే అన్నట్టే. ఆ చుల్లి పరీక్ష నెగ్గితే మా షెడ్డుకి ఆర్డరు నిలుస్తుంది, నాకు నా లేతూ నా తీగా నిలుస్తాయి. లేకపోతే ఏం చేస్తానో ఆలోచించడానికి కూడా నాకు భయం వేసింది. ఇంకెక్కడ దొరుకుతుంది మాట్లాడక్కర్లేని పని?

ఇక్కడ మా ఇంటి భాష గురించి కొంచెం చెప్పాలి. డాకులో బరువు ఎత్తమనడానికి ‘హాబీస్’ అంటారు, దించమనడానికి ‘ఆరియా’. ఏ దేశపు మాటలో, ఏ ఓడలెక్కి వచ్చాయో మాకు తెలీదు గానీ తెలుగువాడైనా, బిహారీ అయినా, బెంగాలీ అయినా అక్కడ ఆ రెండు మాటలకే చేతులాడిస్తాడు. మా ఇంట్లో అటక మీంచి ఊరగాయ జాడీ దించేటప్పుడు కూడా నాన్న కింద నిలబడి “ఆరియా, మెల్లిగా, ఆరియా” అనేవాడు. అమ్మ విసుక్కునేది. బరువు కింద మనిషుండగా ఆరియా అని వినబడితే ఎవరన్నారని తిరిగి చూడకూడదని నాన్న చెప్పేవాడు. “సేతులు ముందినాల. సెవులు తరవాత.”

పరీక్ష రోజు ఉక్కపోతగా ఉంది. చుల్లిని షెడ్డు మధ్యలో నిలబెట్టాం. మనిషి పడుకునే మంచమంత పొడుగు, బూడిదరంగు రేకు ఒళ్ళు. ముందు తలుపు పక్కకి తెరుచుకోదు, కప్పీల మీద గొలుసు లాగితే నిట్టనిలువుగా పైకి లేస్తుంది. కంట్రాక్టరు పంపిన సర్వేయర్‌బాబు గొడుగు చంకలో పెట్టుకుని వచ్చారు. కొంతసేపటికి నాన్న, ఆయనతో ఇద్దరు ఖలాసీలు, తోపుడు బండి మీద గొలుసులు.

నాన్న నన్ను చూసి కూడా పలకరించలేదు. అక్కడ ఆయన సర్దారు, నేను కాయిల్ చుట్టే అమ్మాయిని. మాస్టర్‌మొశాయ్ చెప్పినట్టు గొలుసుల్ని ఇనుప పళ్ళెంలో ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి లోపలికి తోశారు. తలుపు దించారు. మిస్త్రీ-దా స్విచ్ వేశాడు.

ఏమీ జరగలేదు. అంటే, చూసేవాళ్ళకి ఏమీ జరగలేదు. నాన్న చుల్లి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, నన్ను చూడకుండా తెలుగులో గొణిగాడు.

“పొగ నేదు, మంట నేదు, సప్పుడు నేదు. ఇది పన్జేస్తందా?”

“చేస్తోంది.”

“ఎలగ తెలుస్తాది?”

గోడకి తగిలించిన, లోపలి వేడి కొలిచే మీటర్ చూపించాను. దాని ముల్లు అప్పుడే నిద్ర లేచినట్టు కదులుతోంది. కాసేపయ్యాక తలుపులో ఉన్న చిన్న కంతలోంచి చూడమన్నాను. నాన్న ఒక కన్ను మూసి చూశాడు. నేను గాడుల్లో పడుకోబెట్టిన కాయిల్స్ అప్పటికి ఎర్రబడ్డాయి. చుట్టుకీ చుట్టుకీ మధ్య ఒకే ఎడం, ఒకే ఎరుపు, ఈ కొస నుంచి ఆ కొసకి.

“ఇయ్యి నువ్వు సుట్టినయ్యేనా?”

“అవును.”

ఆయన మళ్ళీ కంతకి కన్ను పెట్టాడు. ఖలాసీలు కూడా వంతులవారీగా చూశారు.

మధ్యాహ్నం దాటేసరికి గొలుసులు మసక ఎరుపుకొచ్చాయి. ఇక ఆ వేడిలోనే నిలపాలి. మాస్టర్‌మొశాయ్ ముఖం విప్పారింది. సర్వేయర్‌బాబు టీ తెప్పించమన్నారు.

టీ వచ్చింది. ఫ్యాను ఆగింది.

పక్క షెడ్డులో గ్రైండరు గొంతు సాగి సాగి పోయింది. వీధిలో ఎవరో రోజూ అనే మాటే అన్నారు. “కారెంట్ గెలో.” కరెంటు పోయింది. అవి లోడ్‌షెడ్డింగ్ రోజులు. ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. మా పెద్ద చుల్లికి సరిపడే జనరేటరు మా దగ్గర లేదు. మాస్టర్‌మొశాయ్ ఫోనున్న షెడ్డుకి పరుగెత్తారు, కరెంటాఫీసుని అడగడానికి. పోయింది ఊరంతా పోయిందా మా ఫ్యూజేనా అని చూడ్డానికి మిస్త్రీ-దా షెడ్డు వెనక్కి వెళ్ళాడు.

సర్వేయర్‌బాబు గడియారం చూసుకున్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. ఎండలో బస్సు పట్టుకుని వచ్చిన మనిషి, ఎండలోనే తిరిగి వెళ్ళాలి.

“పరీక్ష పోయినట్టే. ఎంత కాలాయో నాకు కళ్ళతో చూపించండి చాలు, రాసుకుని వెళ్తాను. సర్దార్, తలుపెత్తించు.”

నాన్న ఆయన చెప్పినట్టు చేశాడు. సర్దారుకి అది ఉత్తరువు. “హాబీస్” అన్నాడు. ఖలాసీలిద్దరూ కప్పీ గొలుసు పట్టి లాగారు. తలుపు జానెడు లేచింది. ఎర్రటి వెలుగు నేల మీద చాపలా పరుచుకుంది. దాని వెనకే సెగ వచ్చింది.

నాకు తెలుసు, తలుపు పూర్తిగా లేస్తే ఆ సెగ ముందు నాన్న ముఖానికి తగులుతుందని. గొలుసులు గాలికి ఒక్కసారిగా చల్లారితే పొద్దున్నించీ చేసినదంతా పోతుందని. వేడి ఇటుకలు పగులుతాయని. ఇవన్నీ బెంగాలీలో చెప్పాలి, ‘దయచేసి’ అని మొదలుపెట్టి, వివరించి, మర్యాదగా చెప్పాలి. నా నోట్లో ఒక్క బెంగాలీ మాట కూడా లేదు. తెలుగు మాట కూడా లేదు.

“ఆరియా!”

రేకుల కప్పుకి తగిలి ఆ మాట వెనక్కొచ్చింది. ఖలాసీల చేతులు అప్పటికే వదిలేశాయి. తలుపు ధన్‌మని కూర్చుంది. వెలుగు ఆరిపోయింది.

అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరన్నారో నాన్నకి తప్ప ఎవరికీ అర్థం కాలేదు. ఖలాసీల్లో ఒకడు షెడ్డు గుమ్మం వైపు కూడా చూశాడు.

“ఎవరన్నది?” అన్నారు సర్వేయర్‌బాబు.

“నేనే,” అన్నాను బెంగాలీలో. ఈసారి అది బయటికొచ్చింది.

ఆయన నాన్న వైపు తిరిగారు. “మీ గాంగులో ఆడపిల్లలు కూడా ఉన్నారా సర్దార్?”

“ఇప్పుడే సేరింది బాబూ,” అన్నాడు నాన్న తన డాకు హిందీలో, నవ్వకుండా. తర్వాత తెలుగులో నాతో అన్నాడు. “ఇప్పుడు సెప్పు. ఎందుకాపేవు?”

చెప్పాను. మొదట నాన్నకి చెప్పాను, ఎందుకంటే అడిగింది ఆయన. పొద్దున్నించీ ఆ ఇటుకలు వేడి తాగాయనీ, ఇప్పుడు కరెంటు లేకపోయినా తాగినది మెల్లిగా తిరిగి ఇస్తున్నాయనీ, మూసి ఉన్నంతసేపూ లోపల పరీక్ష నడుస్తూనే ఉంటుందనీ చెప్పాను. తర్వాత అదే బెంగాలీలో సర్వేయర్‌బాబుకి చెప్పాను. చెప్పిందే మళ్ళీ చెప్పడం కాబట్టి అది తేలికైపోయింది.

“లోపల వేడి నిలిచిందని ఎలా నమ్మడం?” అన్నారాయన.

“ముల్లు చూడండి.”

“చూశాను. కరెంటు పోయినప్పుడు ఎక్కడుందో అక్కడే ఉంది. ఫ్యానాగింది, బల్బారింది, ఇది మాత్రం ఎలా పనిచేస్తుంది? ఇరుక్కుపోయింది.”

నాన్న కూడా అదే అడిగాడు. “అవునమ్మా, కరెంటు నేదు గదా. ముల్లుకి పేణమెక్కడిది?”

ఈ ప్రశ్న ఎవరైనా అడిగితే బాగుండునని పాలిటెక్నిక్ రోజుల నుంచి నాకు ఆశ. మా చుల్లి లోపలికి ఒక పింగాణీ గొట్టం వెళ్తుంది. దాంట్లో రెండు వేరువేరు లోహాల తీగలు, లోపలి కొస దగ్గర కలిపి ఉంటాయి. ఆ కలిసిన చోట వేడి తగిలితే చాలు, వాటిలో పిసరంత కరెంటు దానంతటదే పుడుతుంది. ఆ పిసరుతోనే ముల్లు కదులుతుంది. ఊరి కరెంటుతో దానికి పని లేదు. చుల్లి వేడే దానికి తిండి.

ఇది నోటితో చెప్పి ఊరుకోలేదు. మీటర్ దగ్గరికి నడిచి, ఆ గొట్టం నుంచి వచ్చే ఒక తీగ మర విప్పి పక్కకి లాగాను. ముల్లు సున్నాకి పడిపోయింది. సర్వేయర్‌బాబు గొడుగు బల్ల మీద పెట్టారు. తీగని మళ్ళీ తగిలించాను. ముల్లు లేచి, తను బయల్దేరిన చోటికే వెళ్ళి నిలబడింది.

“మళ్ళీ చెయ్యి,” అన్నారు. మళ్ళీ చేశాను.

“ఇంకోపాలి,” అన్నాడు నాన్న. ఆయనకి అవసరం లేదు, సరదా. ఖలాసీలు పడీ పడీ నవ్వారు. ముల్లు పడినప్పుడు ఒకడు “ఆరియా” అన్నాడు, లేచినప్పుడు ఇంకొకడు “హాబీస్” అన్నాడు.

సర్వేయర్‌బాబు కుర్చీ లాక్కుని మీటర్ ఎదురుగా కూర్చున్నారు. ఇక వెళ్ళే ఊసెత్తలేదు. ముల్లు దిగుతోంది గానీ, దిగుతోందని పట్టుకోవాలంటే కళ్ళార్పకుండా చూడాలి. ఉడికిన అన్నం గిన్నెకి మూత పెట్టి మందపాటి గుడ్డ కప్పితే ఎంత నిదానంగా చల్లారుతుందో అంత నిదానం. మాస్టర్‌మొశాయ్ చెమటతో తిరిగొచ్చి, “ఎప్పుడొస్తుందో వాళ్ళకీ తెలీదట” అని చెప్పబోయి, తన షెడ్డులో అందరూ ఒక మీటర్ ముందు పూజకి కూర్చున్నట్టు కూర్చోవడం చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. ఏం జరిగిందో నాన్న చెప్పాడు, సగం హిందీ, సగం బెంగాలీ, మిగిలింది చేతులు. నేను అరిచినచోట ఆయన కూడా అరిచి చూపించాడు. మాస్టర్‌మొశాయ్ నా వైపు చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

వెనకనుంచి వచ్చిన మిస్త్రీ-దా ఆ కథంతా ఇంకోసారి చెప్పించుకుని, “మాస్టర్‌మొశాయ్, మన మీటరు తప్పు. ఇన్ఫినిటీ కాదు, లోపలెక్కడో లూజు కనెక్షనంతే, ఇవాళ దొరికింది” అన్నాడు.

పొద్దు వాలకముందే వీధి వీధంతా ఒక్క గొంతుతో “ఎషే గెఛే” అని కేక వేసింది. వచ్చేసింది. ఫ్యాను తిరిగింది, గ్రైండరు మొదలైంది. మా ముల్లు కాస్త పైకెక్కి, తన చోట కూర్చుంది. ఎక్కాల్సింది ఎంత కొంచెమో చూసి మాస్టర్‌మొశాయ్ స్వయంగా సర్వేయర్‌బాబుకి టీ పోశారు. నిలపాల్సినంతసేపు నిలిపి, స్విచ్ తీసేసి, తలుపు ముట్టుకోకుండా అలాగే వదిలేశాం. చల్లారడం తెల్లవారే దాకా దాని పని.

మర్నాడు అందరూ వచ్చారు. రావక్కర్లేని ఖలాసీలు కూడా వచ్చారు. ఈసారి తలుపెత్తించమని సర్వేయర్‌బాబు నాన్నకి చెప్పలేదు. నా వైపు చూసి, “ఇప్పుడు తీయొచ్చా?” అని అడిగారు.

“తీయొచ్చు,” అన్నాను.

గొలుసులు గోరువెచ్చగా ఉన్నాయి. పైన సన్నటి బూడిదరంగు పొర. పరీక్ష కోసం ముందురోజే, కాల్చకముందు, అదే గొలుసు నుంచి ఒక లింకు కోసి పక్కన పెట్టారు. దాన్ని వైసులో బిగించి సుత్తితో వంచారు. సగం వంగిందో లేదో పటుక్కున విరిగింది. విరిగిన చోట పటికబెల్లంలా పలుకులు పలుకులుగా మెరిసింది. ఆ ముక్కని నాన్న తీసుకుని చాలాసేపు చూశాడు. ఈ గొలుసు కిందే కదా ఆయన నిన్నటిదాకా నిలబడింది.

ఆ తర్వాత మా చుల్లిలో పడుకుని లేచిన లింకు. సుత్తి పడింది. వంగింది. ఇంకోసారి పడింది. ఇంకా వంగింది. తాటాకు మడిచినట్టు రెండు కొసలూ ఒకదానికొకటి తగిలేదాకా వంగింది. వంపు మీద వెంట్రుకంత పగులు కూడా లేదు. చుల్లి లోపలి కొస నుంచి ఒకటి, మధ్య నుంచి ఒకటి, తలుపు దగ్గర్నుంచి ఒకటి, మూడూ అలాగే మడతపడ్డాయి. మూడోది మడతపడగానే ఖలాసీలు ఓడ ఖాళీ చేసినప్పుడు వేసే కేక వేశారు. పక్క షెడ్డుల వాళ్ళు వచ్చి తొంగిచూశారు. నాకు నవ్వొచ్చింది. శబ్దం వచ్చింది.

“పాస్,” అన్నారు సర్వేయర్‌బాబు. గొడుగు చంకలో పెట్టుకుంటూ ఇంకో మాట అన్నారు. “మాస్టర్‌మొశాయ్, ఈ ఊళ్ళో లోడ్‌షెడ్డింగ్‌ని కూడా పనిలో పెట్టుకున్న మిషను మీదొక్కటే.”

మడతపడ్డ లింకుల్లో ఒకటి నాన్న అడిగి తీసుకున్నాడు. ట్రాములో ఇంటికి వెళ్తూ దాన్ని అరచేతిలో దొర్లిస్తూనే ఉన్నాడు. ఉద్యోగం సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఖిదిర్‌పూర్ దగ్గర దిగేటప్పుడు మాత్రం అడిగాడు. “అలగ అరిసేవు, ఎప్పుడు నేర్సుకున్నావు?”

“నీ దగ్గరే.”

“మీ అమ్మకి సెప్పకు. నన్ను తిడతాది.”

మర్నాడు పొద్దున నాన్న బకెట్ పట్టుకుని కుళాయికి వెళ్ళాడు. మా నాన్న నీళ్ళకి వెళ్ళడం మా వరస ఎప్పుడూ చూడలేదు. నేను వెనకే వెళ్ళాను. పెద్దమ్మ ఎప్పటిలాగే అడిగింది.

“ఏటప్పా, గుంట ఇంకా ఆ చుల్లిలోనేనా?”

“ఆ చుల్లిలోనే,” అన్నాడు నాన్న, వరసలో చివరి మనిషికి కూడా వినిపించేలా. జేబులోంచి లింకు తీసి ఆమె చేతిలో పెట్టాడు. “సచ్చిపోయిన ఇనుముకి మళ్ళీ పేణం పోస్తాది మా గుంట చుల్లి. ఇది సూడు. ఇరవకుండా ఎలగ వంగిందో సూడు.”

పెద్దమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. “ఇనుముకేనా? మడుసులికి పొయ్యదేటి?”

“అదింకా నేర్సుకోలేదు. నేర్సుకుంతాది.”

వరసంతా నవ్వింది. పెద్దమ్మ కూడా నవ్వి, తన బకెట్ పక్కకి తీసి మా బకెట్‌ని ముందు పెట్టమంది. లింకు మాత్రం వరస చివరిదాకా చేతులు మారి గానీ తిరిగి రాలేదు.

వారం తిరక్కుండా మాస్టర్‌మొశాయ్ నా బల్ల మీద కొత్త డ్రాయింగ్ పెట్టారు. బడ్జ్ బడ్జ్ దారిలో ఎనామిల్ గిన్నెలు చేసేవాళ్ళకి చుల్లి. ఈసారి కాయిల్స్ చుట్టడమే కాదు, అక్కడికెళ్ళి బిగించి, వాళ్ళకి ఎలా నడపాలో నేర్పాల్సిందీ నేనే. అంటే మాట్లాడాలి. ఆ సాయంత్రం అన్నం తింటూ ఇంట్లో చెప్పాను. చెప్పి, నాన్న ముఖం చూశాను.

“ఎనామిల్ అంటే మన పళ్ళేల్లాంటివేనా?” అన్నాడు తన పళ్ళెం అంచు గోటితో మీటుతూ.

“అవే. ఇనుప రేకు మీద గాజు పూత. చుల్లిలో కరిగి అంటుకుంటుంది.”

“గాజు కరుగుతాదా? మరి గొలుసుల కన్నా ఎక్కువ వేడి గావాల.”

“ఎక్కువే.”

“తీగ తట్టుకుంటాదా?”

“తట్టుకునేలా చుడతాను.”

“కరెంటు పోతే? గిన్నెలు సగం కరిగి ఉంటే అప్పుడేటి సేస్తావు?”

అమ్మ చారు గరిటె పట్టుకుని ఆయన పక్కన నిలబడే ఉంది. పళ్ళెంలో అన్నం చల్లారిపోతోంది. నాన్న మాత్రం నా జవాబు కోసం చూస్తున్నాడు.